అనధికార గాలి

గాలి ఊరికే వస్తుందన్న మూఢనమ్మకం బాపట్లలో మొట్టమొదట తొలగిపోయిన ఇల్లు నాగమల్లేశ్వరరావు గారిది.

కొత్త ఇల్లు. దక్షిణం కిటికీ వాస్తు సిద్ధాంతి మూయించాడు. తూర్పు కిటికీలను దోమలు మూయించాయి. ఉత్తరం సంగతి పక్కింటి గోడ చూసుకుంది. మిగిలిన ఒక్కదాన్నీ, చల్లదనం పోతుందని, ఏసీ బిగించడానికి వచ్చినవాడు పూడ్చేశాడు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ఆయన భార్య కోటిరత్నానికి దగ్గెందుకు పట్టుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. నడుం వాలిస్తే ఆయాసం, లేచి కూర్చుంటే నిద్ర లేదు. తెనాలి డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, చివర్లో ఇంట్లోకి గాలి వస్తుందా అని అడిగాడు.

ఒక కిటికీ తీస్తే సరి అనుకుంది ఆవిడ. సిద్ధాంతితో మాట పడాల్సి వస్తుందని మల్లేశ్వరరావు గారు ఒప్పుకోలేదు.

అంచేత సమగ్ర గృహశ్వాస వ్యవస్థ వచ్చింది. కంపెనీ ఇంజనీరు గౌతమ్ గదిగదికీ గొట్టాలు వేశాడు. ఒక గొట్టం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది, ఇంకోటి లోపలి గాలిని బయటికి తోస్తుంది (పూర్వం ఈ రెండు పనులూ కిటికీయే చేసేది, కరెంటు అడక్కుండా). పీల్చే గొట్టం ఎక్కడుండాలో సిద్ధాంతి సెలవిచ్చాడు: వాయుదేవుడి మూల వాయవ్యం గనుక అక్కడే. హాల్లో గోడకి మీటరు పెట్టారు. పచ్చగా వెలిగితే మంచి గాలి, ఎర్రగా వెలిగితే చెడ్డది. తలుపులు తీసి ఉంచరాదు. సాయంత్రం పూట సూర్యలంక సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి, నిబంధనల ప్రకారం, అనధికార గాలి.

మర్నాడు కోటిరత్నం పప్పులో ఎండుమిరపకాయల తాలింపు పెట్టింది. మీటరు ఎర్రబడి కూత పెట్టింది. మీ ఇంట్లో ఒక సంఘటన జరిగిందని మల్లేశ్వరరావు గారి ఫోనుకి కబురొచ్చింది. తాలింపు పెట్టదలచినవారు ముందురోజే యాప్‌లో తెలియపరచాలని, ఇంగువ వేసేదీ లేనిదీ విడిగా చెప్పాలని కంపెనీవారు మర్యాదగా వివరించారు.

ఆవిడ పొయ్యి పెరట్లోకి మార్చింది. పెరడు వాయవ్యాన ఉంది. పీల్చే గొట్టం సరిగ్గా పొయ్యి నెత్తిన ఉంది. ఆ పూట తాలింపు ఘాటును పడకగది, దేవుడి గది అన్న తేడా చూడకుండా యంత్రం ఇల్లంతా సమానంగా పంచిపెట్టింది. (వ్యవస్థ సక్రమంగా పనిచేస్తోందనడానికి గౌతమ్ దీన్నే రుజువుగా చూపించాడు.) ఆవిడకి దగ్గు రెట్టింపైంది.

"ఆ గొట్టం అటు పక్కకి జరుపు నాయనా," అంది గౌతమ్‌తో.

"అధికారి తనిఖీలో మీటరు ఎర్రగా వస్తేనే జరపడానికి రూలుందండి. పచ్చగా వస్తే ఇక ముట్టుకోకూడదు."

ఎరుపు రావాలని ఆవిడ దేవుడికి మొక్కుకుంది. తనిఖీ రోజున గౌతమ్ ముందే వచ్చి, మనుషులు ఊపిరి వదిలితే లెక్క చెడుతుందని చెప్పి, పొయ్యి ఆర్పించి, అందర్నీ ఇంట్లోంచి పంపించేశాడు. కోటిరత్నం వీధి వాకిట్లో మంచం వాల్చుకుంది. పైరగాలి మొదలైంది. పక్కింటి దానమ్మ గేటు దగ్గర ఆగింది.

"అంత ఖర్చుపెట్టి గాలి తెచ్చుకుని బయట పడుకున్నావేంటి వదినా?"

"మేం లోపలుంటే అది పాడైపోద్దంట," అని కోటిరత్నం అటు తిరిగి పడుకుంది. ఎన్నాళ్ళకో కునుకు పట్టింది.

గృహవాయు ధ్రువీకరణాధికారి ఆశీర్వాదం గారు వచ్చేసరికి మీటరు పచ్చగా, ప్రశాంతంగా వెలుగుతోంది. ఆయన దాని ఫొటో తీసుకుని, బయటికొచ్చి ఆవిణ్ణి లేపారు.

"దగ్గెలా ఉందమ్మా?"

"ఇక్కడైతే లేదండి."

దగ్గు లేదు అని రాసుకుని, వ్యవస్థ విజయవంతమైందని, ఇకపై దేన్నీ కదపరాదని గుమ్మానికి బిళ్ళ కొట్టించి వెళ్ళారు.

ఇల్లిప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది. దానికి అడ్డు రాకూడదని కోటిరత్నం మంచం వాకిట్లోనే ఉంచేశారు.