కాబోయే దొంగ చౌడప్ప

ఆ రోజు చౌడప్ప కాలు నేల మీద నిలవడం లేదు. వానలు మొహం చాటేసిన ఏడాది, గొర్లదొడ్డి గ్రామంలో ఊరు విడవడం ఆచారం. పొద్దు పొడవకముందే పొయ్యిలార్పి, ఇళ్లకు తాళాలేసి, గొర్రెలూ కుక్కలతో సహా పొలిమేర దాటి, అక్కడే వండుకు తిని, పొద్దు వాలాక వస్తే కీడు పోయి వాన పడుతుందని నమ్మకం. ఇళ్ల తాళంచెవులన్నీ నిఖార్సయిన మనిషి ఒకడి మొలకు కట్టాలి. అతను ముద్ద ముట్టకుండా ఇంకెవరూ ముట్టకూడదు. ఈసారి ఆ మనిషి చౌడప్ప. ఎప్పుడో ఎవరిదో బోరు మోటారు పోతే పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. కోర్టు ఆ కేసు కొట్టేసినా జనం చూపు మారడానికి ఇన్నేళ్లు పట్టింది. పోయిన పరువు తిరిగొచ్చిందని భార్య నల్లమ్మ సంబరపడిపోయింది.

తాళంచెవుల గుత్తి గలగలలాడించుకుంటూ అతను బయల్దేరబోతుంటే పోలీసు జీపు వచ్చి ఆగింది. ఎస్.ఐ. నరసింహులు దిగాడు. నేరాలను ముందే పసిగట్టే కంప్యూటరు స్టేషనుకు వచ్చినప్పటినుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. జరగబోయే నేరాన్ని జిల్లాలో అందరికన్నా ముందు తానే పట్టాలని ఆరాటం.

"నేనేం చేసినాను సార్?" అన్నాడు చౌడప్ప.

"ఇంకా ఏం చెయ్యలే. పొద్దుమునిగే లోపల ఊరంతా దోచేస్తావంట."

"అట్లయితే చేసినాక రాండి సార్. ఇప్పుడు నాకు పనుండాది."

కోర్టు కేసు కొట్టేసిన సంగతి ఆ కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. పైగా చౌడప్ప మొలకు ఊరందరి తాళంచెవులు. అవి కళ్లారా చూశాక నరసింహులు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చౌడప్పను తెచ్చి స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి, వెనకాల ముఠా ఉంటుందేమోనని ఇద్దరు కానిస్టేబుళ్లను మఫ్టీలో ఊరికి పంపాడు.

కాసేపటికి కంప్యూటరు ఎర్రబడింది. ఖాళీ ఊళ్లో తాళాలేసిన ఇళ్ల చుట్టూ కొత్త ఫోన్లు తిరుగుతున్నాయి, ప్రమాదం పెరిగింది అని చెప్పింది. ఆ ఫోన్లు తమవాళ్లవేనని ఒక్కరికీ తట్టలేదు. నరసింహులు ఇంకో నలుగురిని పంపాడు. ఫోన్లు పెరిగాయి, ప్రమాదమూ పెరిగింది. చివరికి ఓబులేష్ అనే కానిస్టేబుల్ని స్టేషనులో కాపలా ఉంచి, టోపీ సర్దుకుని తానే కదిలాడు. మండుటెండలో, ఒక్క దొంగ కూడా లేని ఊళ్లో, పోలీసులు ఒకరికొకరు కనబడకుండా గోడల వెనక నక్కుతూ తిరిగారు.

బెంచీ మీద చౌడప్పకు గుండె చెరువైంది. లేచి వెళ్లిపోదామంటే కంప్యూటరు మాటే నిజమవుతుంది. కూర్చుంటే తన మూలాన ఊరంతా పస్తు.

ఇంతలో ఊరే కదిలి వచ్చింది. అతను తినందే ఎవరూ తినకూడదు కదా! ముందు నల్లమ్మ, వెనక సంగటి కుండలు, జనం, గొర్రెలు, కుక్కలు. ఓబులేష్ బెదిరిపోయి ఎస్.ఐ.కి ఫోన్ చేశాడు. స్టేషను మీద దాడి అని కంప్యూటరు కూడా కూత పెట్టింది. దుమ్ము రేపుకుంటూ జీపూ, దాని వెనక మోటారు సైకిళ్లూ తిరిగొచ్చాయి. నరసింహులు చేతిలో పిస్తోలు, ఎదురుగా చౌడప్ప చేతిలో సంగటి ముద్ద.

"తినినాక కాల్చండి సార్. పొద్దున్నుంచి అందరం పస్తుండాము," అంది నల్లమ్మ.

చౌడప్ప తిన్నాడు. ఊరు తిన్నది. ఎండలో తిరిగి తిరిగి నకనకలాడుతున్న పోలీసులు కూడా చెనిక్కాయల ఊరుమిండి పచ్చడి అద్దుకుని సంగటి లాగించారు. ఒక్క ఇంట్లో చెంచా కూడా పోలేదని తేలాక నరసింహులు తల గోక్కుంటూ, ఇంక పోవచ్చన్నాడు. చౌడప్ప కదల్లేదు.

"నా పేరు ఆ కంప్యూటర్లోనుంచి తీసేయండి సార్. లేకుంటే రేపు ఇంగో సారొచ్చి మళ్లా నన్నే కూర్చోబెడతాడు."

న్యాయమేననిపించి, నరసింహులు అందరి ముందూ అనుమానితుల పట్టీ తెరిపించాడు. ఓబులేష్ చదవడానికి నీళ్లు నమిలాడు. మొదటి పేరు ఎస్.ఐ. నరసింహులుది. తాళాలేసిన ఇళ్ల చుట్టూ అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆయన ఫోనేనట. ఆయన కింద వరసగా ఆరుగురు కానిస్టేబుళ్లు.

చౌడప్ప పేరు ఎనిమిదో చోటికి దిగింది.