మా పిన్ని డబ్బా, మా బావ గురక

ఆసుపత్రులన్నీ మూసేయాలి! అవును, నిజంగానే అంటున్నాను. ఇంటికొక మా పిన్ని, ఆవిడ చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంటే చాలు, డాక్టర్లతో మనకేం పని?

ఆ డబ్బాలో బిస్కెట్లుండవు. ఇంటిల్లిపాదీ వాడగా మిగిలిన మందులుంటాయి. అక్క పన్ను పీకించుకున్నప్పటివి, బాబాయి కాలు విరిగినప్పటివి, పోయిన తాతయ్యవి. మనిషి పోయినా మందు పోకూడదన్నది పిన్ని సిద్ధాంతం. ఇంత పొదుపు, ఇంత ప్రేమ ఏ మెడికల్ షాపులో దొరుకుతాయి చెప్పండి?

అలాంటి మా ఇంటి మెట్ల దగ్గర, పై అంతస్తు నర్సు ఒక పోస్టర్ అంటించింది. ఫెంటనిల్ అనే మత్తుమందట, ఓవర్‌డోస్ అయితే ఊపిరాగిపోతుందట! బాబాయి దాన్ని పీకి పారేశాడు.

"మర్యాదస్తులుండే చోట ఇదేం గోల? మత్తుమందులు వాడే మొహాలా మనవి?" అన్నాడు. ఎంత బాగా అడిగాడు!

ఆ మధ్యాహ్నమే బావకు నడుం పట్టేసింది. పిన్ని డబ్బా తెరిచి, తాతయ్య క్యాన్సర్ నొప్పికి వాడిన ప్యాచ్ ఒకటి తీసి బావ వీపుకి అతికించింది. మందు బాగా పట్టాలని పైన వేడినీళ్ల సంచీ కూడా పెట్టింది. కవరు మీద ఫెంటనిల్ అనే రాసి ఉంది. సొంత డబ్బాలో ఉన్నదాని పేరు ఎవరు చదువుతారండీ?

కాసేపటికి బావ గురక అందుకున్నాడు. గొంతులో నీళ్లు మరుగుతున్నట్టు ఒకటే గరగర!

"పాపం, ఎన్నాళ్లకి ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారో!" అని అక్క మురిసిపోయి టీవీ సౌండ్ తగ్గించింది. నేను చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాను.

అప్పుడే చిరిగిన పోస్టర్ చేత్తో పట్టుకుని నర్సు పోట్లాటకు వచ్చింది. నోరు తెరవబోయి, ఆ గురక విని ఆగిపోయింది.

"అది నిద్ర కాదు! ఆయనకి ఊపిరాడట్లేదు!" అంటూ లోపలికి పరిగెత్తింది.

బావ పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు వేడినీళ్ల సంచీ విసిరేసి, ప్యాచ్ పీకేసింది. మమ్మల్ని అంబులెన్స్‌కి ఫోన్ చేయమని, తన బ్యాగులోంచి ఆ మత్తుకు విరుగుడైన నాలాక్సోన్ స్ప్రే తీసి బావ ముక్కులో కొట్టింది. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. అక్క ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్ "మత్తుమందు ఏదైనా..." అని అడగబోతే పిన్ని కస్సుమంది.

"ఛీ ఛీ! మా ఇంట్లో అలాంటివి ఉండవు బాబూ!"

డబ్బా ఆవిడ ఒళ్లోనే ఉంది.

అలా మా మర్యాద నిలబడింది. బావ ప్రాణం మాత్రం, మేం పీకి పారేసిన పోస్టర్ తాలూకు మనిషి వల్ల నిలబడింది. డబ్బాని, మందులన్నీ నాశనం చేయమని మందుల షాపువాళ్లకు అప్పగించాం. పోస్టర్‌ని బాబాయే మళ్లీ అంటించాడు, ఈసారి మా తలుపుకే.

ఇప్పుడు బావ కాస్త గురక పెడితే చాలు, అక్క మోచేత్తో పొడుస్తుంది.

"బతికే ఉన్నానే తల్లీ, పడుకోనివ్వు!" అని అరుస్తాడు.

ఆ అరుపు విన్నాకే మేమందరం హాయిగా కళ్లు మూసుకుంటాం.