ఆంబ్రోస్ అయ్యగారి దీవెన, ఆరు ట్రేల బన్నులు

ఈస్టర్ ఉదయం ఆంబ్రోస్ పికరింగ్ అయ్యగారు రెండు పనులు పెట్టుకున్నారు. వంటింట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఊరందరికీ ప్రభురాత్రి భోజనం, అంటే ఏసు పేర దీవించిన రొట్టె, ఇవ్వడం ఒకటి. దాన్ని చూడబోయే బిషప్ హిలరీగారి చేత కెథడ్రల్‌లో ఖాళీ అయిన పెద్ద పదవి ఇప్పించుకోవడం రెండోది. కరోనాతో ఇంగ్లండులోని యార్క్‌షైర్ చర్చిలకు తాళాలు పడ్డాక తక్కిన గురువులు రోగులకు ఫోన్లు చేస్తుంటే, ఈయన నలభై పుటల వ్యాసం రాశారు. దేవుడికి దూరం అడ్డు కాదట. గురువు ప్రార్థించే వేళకు తెర ముందు ఏ రొట్టె ఉంటే దానికల్లా దీవెన చేరుతుందట. దాన్ని పూర్తిగా చదివింది ఊళ్లో ఒక్కరే, బేకరీ నడిపే డోరీన్ సగ్డెన్.

ఆరాధన చక్కగా ముగిసింది. సందేహాలున్నాయా అని అడగ్గానే డోరీన్ గొంతు సవరించుకుంది.

"అయ్యగారూ, నేను కొట్లోనే ఫోను పెట్టుకుని కూర్చున్నా. ముందర ఆరు ట్రేల బన్నులున్నాయి. అవన్నీ దీవెన పొందినట్టేనా?"

కాదంటే సరిపోయేది. కానీ బిషప్‌గారు చూస్తున్నారాయె.

"నిస్సందేహంగానమ్మా."

"అయితే అమ్మకూడదు. దీవించిన రొట్టె మిగిలితే పారెయ్యకుండా గురువే తినాలని మీరేగా చెప్పారు. క్యూలో ఉన్నోళ్లని పంపేసి మీ గుమ్మంలో పెడతా."

"సంఘమంతా కలిసి తినొచ్చు కదమ్మా."

"లాక్‌డౌనండీ. మీ గడప తొక్కితే పోలీసులొస్తారు."

పావుగంటలో ట్రేలు గుమ్మంలోకి వచ్చాయి. డోరీన్ ఆరడుగుల దూరాన చేతులు కట్టుకుని నిలబడింది. తెర మీద నలభై మూడు ముఖాలు కళ్లప్పగించి చూస్తుండగా అయ్యగారు లాప్‌టాప్ గుమ్మం దగ్గరికి తెచ్చుకుని తినడం మొదలుపెట్టారు. మూడో బన్ను దాకా ముఖంలో భక్తి ఉంది. ఆరోదానికి చెమట పట్టింది. తొమ్మిదోది సగంలో ఆపి, వ్యాసానికి చిన్న సవరణ కావాలన్నారు: ఎవరు ఏ ముక్క తినదలిస్తే ఆ ముక్కకే దీవెన, తక్కినదానికి చేరదు.

"అంటే ఇవి వట్టి బన్నులేనా?"

"వట్టివేనమ్మా."

"ఆ ముక్క మొదటి బన్నుకే చెప్పుంటే నా ఈస్టర్ బేరం పోయేది కాదుగా" అంటూ డోరీన్ ట్రేలు ఎత్తుకుంది. అయ్యగారికి ఆమె ముఖం చూడటానికి సిగ్గేసింది. అయినా క్షమించమనకుండా, బిషప్‌గారు ఏమంటారోనని తెర వైపే తిరిగారు.

బిషప్‌గారు అప్పుడు మైకు తెరిచారు. "ఆంబ్రోస్‌గారూ, సిద్ధాంతాలు మారడం చాలా చూశాను. ఎనిమిదిన్నర బన్నులకు మారడం ఇదే చూడటం."

పదవి పక్క ఊరి గురువుకు దక్కింది. ఆయన ఇంట్లో ఇంటర్నెట్టే లేదు.