కారే వాల్వుకు కాపలా

లీకేజీ నివారణ వ్యూహం ఎందుకు అవసరమో నిరూపించే నివేదిక తయారీకి ప్రభుత్వం ఆమోదం తెలిపిందని ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది. వ్యూహం ఇంకా మొదలుకాలేదు. మొదలుపెట్టేముందు దాని అవసరం రుజువు కావాలి. ఆ రుజువుగా మూడో వీధి మలుపులోని వాల్వు ఎంపికైంది. ఆరేళ్లుగా ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా కారినందుకు దానికి దక్కిన గౌరవమిది.

సరిగ్గా ఆ వారమే నీళ్ల మేస్త్రీ పానా పట్టుకుని దాన్ని బాగుచేయబోయాడు. నీళ్ల శాఖ పెద్దసారు పరుగున వచ్చి ఆపాడు.

"మతుండే చేస్తున్నావా? నువ్వు బిగించేస్తే నివేదిక రాసే కమిటీకి ఏం చూపించను, నీ మొహమా?"

"పావుగంట పని సార్. ఈ మలుపు దాటి ఒక్క ఇంటికీ నీళ్లెక్కట్లేదు. మా ఇల్లూ అటే."

"అదే కదయ్యా మన బలం!"

పానా, వాషరు అక్కడికక్కడే స్వాధీనమయ్యాయి. మేస్త్రీకి ఆధార పరిరక్షకుడిగా పదోన్నతి వచ్చింది. కుర్చీ, గొడుగు ఇచ్చారు. లీకేజీని ఎవరూ ఆపకుండా చూడటం అతని విధి. కారే నీళ్లను ఎవరూ పట్టుకోకూడదు, అది సాక్ష్యాన్ని ఎత్తుకుపోవడం కిందికి వస్తుంది. ఓసారి తుప్పు అడ్డుపడి ధార సన్నబడితే, విధి నిర్వహణలో అలసత్వమంటూ అతనికి మెమో వచ్చింది. ఈలోగా నివేదిక అవసరమా అని తేల్చే మరో నివేదిక పూర్తయింది. అవసరమేనని తేలింది.

మేస్త్రీ భార్య రోజూ రెండు వీధులవతల నుంచి బిందె మోసుకుంటూ అతని కుర్చీ ముందు నుంచే వెళ్లేది.

"కూర్చోండి, కూర్చోండి. లేస్తే నీళ్లు భయపడి ఆగిపోతాయేమో!"

పద్నాలుగో నెలలో ఆమె బిందెతో సహా జారిపడింది. మణికట్టుకు కట్టు కట్టారు. మర్నాడు తెల్లవారగానే మేస్త్రీ పాత చెప్పులోంచి రబ్బరు ముక్క కోసి, పక్కింటివాడి పానా అడిగి తెచ్చి, వాల్వు బిగించేశాడు. మలుపవతల ఇళ్లన్నిటికీ నీళ్లెక్కాయి. మేస్త్రీ ఏడేళ్ల తర్వాత సొంత ఇంటి కుళాయి కింద స్నానం చేశాడు.

అదే రోజు కమిటీ దిగింది. వాల్వు కింది గుంట పొడిగా ఉంది.

"ఏడుగురు నిపుణులు! నాలుగువందల పేజీలు!" పెద్దసారు ఎండిన గుంట వైపు వేలు చూపించాడు. "చెప్పు ముక్కతో మట్టిపాలు చేశావు కదయ్యా!"

వీధంతా పోగైంది. తనవైపు నిలబడతారని మేస్త్రీ అనుకున్నాడు.

"మన వీధి పేరు నివేదిక మొదటి పేజీలో ఉందటగా?" అన్నాడు కిరాణా కొట్టాయన. "ఇప్పుడది పక్క వీధికి పోతుంది. వాళ్లకి మూడు వాల్వులు కారుతున్నాయి మరి!"

అందరి చూపులూ మేస్త్రీ మీద పడ్డాయి. అతను భార్య వైపు చూశాడు.

"వాల్వు విప్పేయండి," అంది ఆమె, కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని. "ఇన్నాళ్లు మోశాను, ఇంకొన్నాళ్లు మోయలేనా? ఆ వీధివాళ్ల ముందు తలెత్తుకుని తిరగొద్దూ?"

మేస్త్రీ విప్పాడు. చప్పట్లు మోగాయి. ప్రజల స్వచ్ఛంద భాగస్వామ్యం అపూర్వమని కమిటీ రాసుకుంది. వ్యూహం అవసరం సందేహం లేకుండా రుజువైంది. ఇక దాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చే నివేదిక ఎందుకు అవసరమో రాస్తున్నారు.

చెప్పు ముక్క మేస్త్రీ జేబులోనే ఉంది. వీధిలోవాళ్లు ఖాళీ బిందెలతో వెళ్తూ వెళ్తూ ఆగి పలకరిస్తారు.

"బాగా కారుతోందా అన్నా?"

"మీ దయ," అంటాడు మేస్త్రీ.