పౌడర్ కల్లుకు జేజేలు!

పౌడర్ కల్లును తిట్టేవాళ్లకు వైద్యం విలువ తెలియదని నా నిశ్చితాభిప్రాయం!

మీరే చెప్పండి. ఓపీ చీటీ అక్కర్లేదు, క్యూ లేదు, డాక్టర్ లీవులో ఉన్నాడనే బాధ లేదు. తాటిచెట్లు ఎండిపోయినా కల్లు సీసాలు నిండుతూనే ఉంటాయి. ఎట్లాగంటారా? నీళ్లు, చక్కెర, నిద్రమాత్రల పొడి! ఇంతకు మించిన ప్రజాసేవ ఎక్కడైనా ఉందా?

మేడిపల్లి పక్క ఊళ్లో ఉండే మా మేనత్త మొగిలవ్వ పగలంతా బీడీలు చుట్టి, పొద్దుగూకగానే కల్లు తాగి హాయిగా పడుకునేది. "నేను ఒక్క గోలీ గూడ మింగి ఎరుగ కొడుకా" అని గొప్పగా చెప్పేది. పాపం, రోజూ సీసాలో తాగుతున్నది ఆ గోలీలనేనని ఆమెకేం తెలుసు!

ఇంతలో ఎక్సైజ్ అధికారులు దాడి చేసి కల్లు దుకాణానికి తాళం వేశారు. ఎంత దారుణం! అత్తకు నిద్ర కరువైంది. వేళ్లు వణికి బీడీ ఆకు నిలవలేదు. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని కొంగుతో దులుపుకోసాగింది. ఒక్క చీమా లేదు! ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయి. ఆటోలో వేసుకుని పీహెచ్‌సీకి పరిగెత్తాం.

అక్కడ సుజాత అని ఒక స్టాఫ్ నర్సు. మంచి మత్తును చెడగొట్టే మనిషి! డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చి, అత్తకు తెలివి వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"తాగుబోతుదాన్నని అనుకుంటున్నవా సిస్టరమ్మా?" అంది అత్త, మొహం తిప్పుకుని.

"గట్లెందుకనుకుంట అవ్వా? కల్లుల గోలీలు కలిపి నీకు తెల్వకుంట తాపిండ్రు. ఒక్కపారే బందైతే పానం తట్టుకోదు. నేను గోలీ ఇచ్చి, కొద్దికొద్దిగ తగ్గించుకుంట వస్త. రోజు నా ముంగటనే మింగాలె."

"గీ ముచ్చట ఎవలు జెప్పలే బిడ్డా" అని అత్త ఏడ్చేసింది.

ఆ తర్వాత రోజూ వెళ్లింది. వరండా నిండా అట్లా వణికేవాళ్లే. కొందరు సుజాతను తిట్టేవాళ్లు కూడా. ఆమె మాత్రం మాట తూలకుండా గోలీ చేతిలో పెట్టేది.

ఒకరోజు గోలీలు అయిపోయాయి. అడిగితే "పైనుంచి రాలేదు" అన్నారు. సుజాత అన్ని ఆసుపత్రులకూ ఫోన్లు చేసి, జగిత్యాలలో ఉన్నాయని తెలిసి స్కూటీ ఎక్కింది.

సరిగ్గా అదే రోజు దుకాణం తాళం తెరుచుకుంది! ఓనర్ మొండయ్య స్వయంగా వచ్చి, చెమటలు కక్కుతూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న అత్తను పిలిచాడు.

"రా అక్కా, ఇయ్యాల పైసలు గూడ వద్దు."

అత్త లేచింది. మెట్టు దిగింది, దుకాణం దారి వైపు చూసింది, మళ్లీ కూర్చుంది.

"సిస్టరమ్మ అచ్చేదాక ఈన్నే ఉంట. నువ్వు పో."

ఇప్పుడు అత్త గోలీ లేకుండానే నిద్రపోతోంది. బీడీలూ చుడుతోంది.

నాదొక్కటే సందేహం. దాడులు జరిగినా మొండయ్యకు ఆ పొడి బస్తాల్లో చేరుతోంది. ఆసుపత్రికి మాత్రం గుప్పెడు గోలీలు రావు! కాబట్టి సర్కారుకు నా మనవి: మందుల సప్లై కాంట్రాక్టు కూడా మొండయ్యకే ఇచ్చేయండి. మా సిస్టర్‌కు స్కూటీ పెట్రోలైనా మిగులుతుంది!