శాంపిల్‌లో రాని దొడ్డమ్మ

ఆదివారం పొద్దున మంజునాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, వంట మేస్త్రీ సుంకన్నకు ఫోన్ చేసి, అక్క హేమలత సీమంతానికి ఎంతమందికి వండాలో ఒక్క ముక్క చెప్పేసి, మళ్ళీ దుప్పటి కప్పుకోవాలి. ఇంకెవరైనా అయితే ఐదువందలనో ఆరువందలనో నోటికొచ్చింది చెప్పి హాయిగా నిద్రపోయేవాళ్ళు. కానీ మంజునాథ్ కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. మొదటి సంవత్సరం పిల్లలకు ప్రాబబిలిటీ, శాంప్లింగ్ చెప్పీ చెప్పీ, నోటికొచ్చింది చెప్పే హక్కు పాపం ఏనాడో పోగొట్టుకున్నాడు.

"ఆరువందల మందిని పిలిచినాం. ఐదువందలకు వండించు. తగ్గితే ఇంత చిత్రాన్నం కలుపుతాం, మిగిలితే పక్కిండ్లకు పంచుతాం" అన్నాడు తండ్రి సుబ్బరాయుడు. ఆయనకు బళేపేటలో గాజుల దుకాణం. కాటన్‌పేట ఇంట్లో ఇంతవరకు జరిగిన ప్రతి శుభకార్యానికీ వంట ఈ లెక్క మీదే నడిచింది.

"అది లెక్క కాదు నాయనా, ఊహ" అన్నాడు కొడుకు.

"ఊహతోనే కదప్పా నీ పెండ్లి చేసింది? ఎవరన్నా పస్తు పోయినారా?"

మంజునాథ్ పట్టుదలకు కారణం లేకపోలేదు. హేమలతకు పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఆశ వదులుకున్నాక, కడుపు పండింది. ఈ సీమంతంలో ఏ లోటూ రాకూడదని అతని ఆరాటం. హేమలత మాత్రం వంట గురించి ఆలోచించనే లేదు. ఆమె కోరింది ఒక్కటే. చిన్నప్పుడే తల్లి పోతే, తల్లికి అక్క అయిన ఓబులమ్మ దొడ్డమ్మే వాళ్ళిద్దరినీ హొసకోటెలో తన ఇంట్లో పెట్టుకుని పెంచింది. "మొదటి జత గాజులు దొడ్డమ్మే తొడగల్ల. అమ్మ ఉండుంటే అమ్మ తొడిగేది కదా" అని హేమలత అందరికీ ముందే చెప్పి పెట్టుకుంది. సుబ్బరాయుడూ, మంజునాథ్ భార్య స్వప్నా బొట్టు పెట్టి పిలవడానికి బయలుదేరినప్పుడు మొట్టమొదట వెళ్ళింది కూడా దొడ్డమ్మ ఇంటికే.

అంతా సవ్యంగా ఉంది. అక్కడితో ఆపేస్తే ఈ కథే లేదు.

మంజునాథ్ ఆరువందల పేర్లూ చీటీల మీద రాసి, ఖాళీ గాజుల పెట్టెలో పోసి, కళ్ళు మూసుకుని అరవై తీశాడు. ఈ అరవై మందికి ఫోన్ చేసి వస్తున్నారో లేదో కనుక్కుంటే మొత్తం మీద ఎంతమంది వస్తారో తేలిపోతుంది. చీటీల్లో గ్యాస్ సిలిండర్లు వేసే ఆయన వచ్చాడు. దుకాణం వీధిలో దర్జీ వచ్చాడు. బీమా ఏజెంటు వచ్చాడు. పోయినేడు కాలం చేసిన ఒక పెద్దాయన కూడా వచ్చాడు. దొడ్డమ్మ పేరు రాలేదు.

"ఎట్లాగూ ఫోన్ పట్టుకున్నారు కదా, దొడ్డమ్మకు కూడా ఒక కాల్ చేసేయండి" అంది స్వప్న.

"నాకు నచ్చినవాళ్ళను ఇరికిస్తే శాంపిల్ చెడిపోతుంది."

"ఒక్క ఫోన్‌కు ఏం చెడిపోతుందండీ?"

"పక్షపాతం వస్తుంది" అన్నాడు మంజునాథ్ గంభీరంగా. ఆ గాంభీర్యం తలుచుకుని అతను తర్వాత చాలాసార్లు తల బాదుకున్నాడు.

అరవై మందికీ ఫోన్లు వెళ్ళాయి. అరవై మందీ "తప్పకుండా వస్తాం" అన్నారు. ఒకాయన, "ఆ పొద్దు మేము కాశీలో ఉంటామప్పా, తప్పకుండా వస్తాం" అన్నాడు. కాలం చేసిన పెద్దాయన కూతురు, "మా నాయిన పోయి సంవత్సరమైంది. అయినా అందరం తప్పకుండా వస్తాం" అంది. శుభకార్యానికి పిలిస్తే రామని చెప్పడం మనవాళ్ళ నోటికి చేతకాదు. నూటికి నూరు శాతం ఫలితం వస్తే ప్రశ్నలోనే ఏదో లోపముందని మంజునాథ్ ఏటా బోర్డు మీద రాసి మరీ చెబుతాడు. కనుక ప్రశ్న మార్చి, అరవై మందికీ రెండోసారి ఫోన్ చేశాడు.

"మొహమాటం లేకుండా చెప్పండి. నిజంగా వస్తారా? రాకపోయినా మేమేమీ అనుకోం."

అవతల దర్జీ గొంతు మారింది. "రావొద్దంటే రావొద్దని నేరుగా చెప్పప్పా. చుట్టి చుట్టి చెప్పేదెందుకు?"

"అయ్యో, అట్ల కాదన్నా! ఊరికే డేటా కోసం."

"దేనికోసమైనా కానీలే. బొట్టు పెట్టినాక ఇట్ల ఎవరన్నా అడుగుతారా?"

కొందరు నొచ్చుకుని రామన్నారు, కొందరు నిజంగానే కుదరదన్నారు, కొందరు పంతం పట్టి వచ్చి తీరతామన్నారు. మంజునాథ్ ఇవన్నీ నిజాయితీగా కూడి, హెచ్చవేసి సుంకన్నకు ఫోన్ చేశాడు. "మూడువందల ముప్ఫై నుంచి నాలుగువందల డెబ్బై లోపల వస్తారు మేస్త్రీ."

"నడిమధ్య నూటనలభై మంది ఉండారు కదప్పా. వాళ్ళకు వండల్నా, వద్దా?"

"నాలుగువందలకు వండు. నూరుసార్లు చేస్తే తొంభై ఐదుసార్లు ఈ లెక్క తప్పదు."

"సీమంతం ఒక్కసారే కదప్పా చేసేది?" అన్నాడు సుంకన్న.

సాయంత్రానికి బళేపేటంతా గుప్పుమంది. సుబ్బరాయుడి ఇంటినుంచి ఫోన్లు చేసి మరీ జనాన్ని రావొద్దంటున్నారట. అంటే హాలు దొరకలేదేమో, వంట చాలదేమో అనుకున్నారు. ఇంకాస్త పొద్దుపోయేసరికి అసలు దుకాణమే అమ్ముతున్నారని తేలింది. ఎదురు కొట్టాయన వచ్చి సుబ్బరాయుడి చెయ్యి పట్టుకుని, "ఎన్నేండ్ల దుకాణం! ధైర్యంగా ఉండప్పా" అన్నాడు. ఏం జరిగిందో తెలియని సుబ్బరాయుడు, ఎందుకైనా మంచిదని ధైర్యంగానే ఉన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం కొడుకు మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నీ చదువుకో దండం రా! ఇప్పుడే అందరికీ ఫోన్ చేసి, తప్పకుండా రావల్ల అని కాళ్ళావేళ్ళా పడు."

అందరికీ అంటే అరవై మందికీ అనుకున్నాడు మంజునాథ్. నొచ్చుకున్నది వాళ్ళే కదా మరి. మూడోసారి ఫోన్ చేసి ఒక్కొక్కరినీ బతిమాలాడు. ఈ పిలుపుల సంగతి తెలిసి మిగిలిన ఐదువందల నలభై మందికీ ఒళ్ళు మండింది. మార్కెట్‌లో ఎవరు కలిసినా ఇదే మాట. "గ్యాసాయనకు మూడుతూర్లు ఫోన్ వచ్చిందంట. మాకు ఒక్కటీ లేదే. మేమేమన్నా పరాయివాళ్ళమా?" మాట ఆ నోటా ఈ నోటా పడి హొసకోటె దాకా వెళ్ళింది.

మర్నాడు మంజునాథ్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా దొడ్డమ్మ ఎత్తలేదు. కాలేజీకి సెలవు పెట్టి హొసకోటె బస్సెక్కాడు.

తలుపు తీసిన దొడ్డమ్మ "రండి, కూర్చోండి" అంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అతను ఆమెకు "ఒరే మంజా"యే. కాఫీ కూడా చుట్టాలకు మాత్రమే తీసే కొత్త గ్లాసులో వచ్చింది. పక్కన పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టింది. మంజునాథ్ ఆ కాఫీని చుట్టంలాగే బుద్ధిగా తాగాడు.

"గ్యాసాయనకు మూడుతూర్లు ఫోన్ చేసినారంట" అంది.

"చీటీల్లో ఆయన పేరు వచ్చింది దొడ్డమ్మా."

"నాది?"

"రాలేదు. అది ఎవరి చేతిలోనూ లేదు. వచ్చేదానికి అందరికీ ఒకటే అవకాశం ఉండాది, పదిలో ఒకటి. నీకూ అంతే, ఆయనకూ అంతే."

క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు తలలూపుతారు. దొడ్డమ్మ ఊపలేదు.

"హేమకు జ్వరమొస్తే రాత్రంతా నా గుండె మీద పడుకోబెట్టుకున్నా. అన్నం తినకపోతే నీ వెనకాల వీధంతా గిన్నె పట్టుకుని తిరిగినా. నాకూ గ్యాసాయనకూ ఒకటే అవకాశమా?"

"పద్ధతి అట్లాంటిది దొడ్డమ్మా. మనుషులను చూడకూడదు."

"బాగుండాది పద్ధతి" అంది దొడ్డమ్మ, ఖాళీ గ్లాసు తీసుకుంటూ.

అప్పుడు కాళ్ళు పట్టుకోవాల్సింది. తప్పయిపోయింది, నువ్వు లేకపోతే ఆ సీమంతం మాకెందుకని ఏడ్వాల్సింది. మంజునాథ్ ఆ పని చేయలేదు. శాంపిల్ అంటే ఏమిటో మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. అంతా చెప్పి, "వస్తావు కదా దొడ్డమ్మా?" అన్నాడు.

"తప్పకుండా వస్తానని మీ నాయనకు చెప్పండి."

అతని ప్రాణం లేచొచ్చింది. ఆ మాట విలువెంతో అరవై మందిని రెండేసిసార్లు అడిగి తెలుసుకున్నవాడు, దొడ్డమ్మ దగ్గర మాత్రం రెండోసారి అడగకుండా నమ్మేశాడు. తనకు కావలసిన జవాబు దొరికింది కదా, ఇంకెందుకు అనుమానం!

సీమంతం రోజు హాలు మొదట బోసిగా ఉంది. సుంకన్న గరిటె పట్టుకుని మంజునాథ్ వైపే చూస్తున్నాడు. కాసేపటికి దర్జీ పెళ్ళాం పిల్లలతో, బావమరుదులతో దిగాడు. "వద్దన్నారు కదా, అందుకే అందరం వచ్చినాం!" అని గట్టిగానే చెప్పాడు. గ్యాసాయన తన వీధి వీధినంతా వెంటబెట్టుకొచ్చాడు. ఫోన్ రాలేదని అలిగినవాళ్ళు చాలామంది మానేశారు గానీ, మూడుసార్లు ఫోన్ వచ్చిన గొప్పతో వచ్చినవాళ్ళ బలగం ఆ లోటు పూడ్చేసింది. హాలు నిండింది. మంజునాథ్ ఊపిరి పీల్చుకున్నాడు.

హేమలతను పీట మీద కూర్చోబెట్టారు. సుబ్బరాయుడు తన దుకాణంలోకెల్లా మేలైన ఆకుపచ్చ గాజులు ఏరి తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. ముత్తయిదువులు చుట్టూ చేరారు. హేమలత చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"దొడ్డమ్మ రానీ" అంది.

మంజునాథ్ ఫోన్ చేశాడు. మళ్ళీ చేశాడు. చివరికి దొడ్డమ్మ భర్త ఆవులప్ప ఎత్తి, "ఆమెకు ఒళ్ళు బాగలేదప్పా. మీరు కానీండి" అన్నాడు. వెనకనుంచి దొడ్డమ్మ దగ్గు గానీ మూలుగు గానీ వినిపించలేదు. కుక్కర్ కూత మాత్రం వినిపించింది. మంజునాథ్‌కు ఏడుపొచ్చింది.

"ముహూర్తం దాటిపోతా ఉండాది" అన్నారెవరో. హేమలత ఇంకాసేపు గుమ్మం వైపు చూసి, చెయ్యి చాపింది. మొదటి జత అత్తగారు తొడిగారు. ఆవిడ మంచి మనిషే, గాజు ఒక్కటీ చిట్లకుండా తొడిగారు. హేమలత నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేక మంజునాథ్ వంటింటి వైపు వెళ్ళిపోయాడు.

చివరి పంక్తి లేచాక సుంకన్న వెతుక్కుంటూ వచ్చి అతని భుజం తట్టాడు. "ఇన్నేండ్లు వండినా గానీ ఇట్లాంటి లెక్క చూడలేదు సారూ! నాలుగువందల ఆకులు తెప్పించినా. సరిగ్గా ఒక్క ఆకు మిగిలింది."

సుబ్బరాయుడు కూడా కొడుకును మెచ్చుకోబోయి, కూతురి ముఖం చూసి ఊరుకున్నాడు. హేమలత చేతుల నిండా గాజులతో వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది.

"నేనన్నా ఒక ఫోన్ చేసుండాల్సింది రా" అంది.

మంజునాథ్ ఆ మిగిలిన ఒక్క ఆకు వైపే చూస్తున్నాడు. నాలుగువందల్లో ఒకటంటే, అతను చెప్పే పాఠం ప్రకారం, పట్టించుకోనక్కర్లేని పొరపాటు.