ఎమ్మెల్యే గారి నవ్వుకు వేసిన సీలు

మా ఊరి ప్రజలు ఎమ్మెల్యే సూర్యప్రకాష్ గారి ముఖం చూసి చెడిపోకుండా ప్రభుత్వం తగిన చర్యలు తీసుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఎన్నికల కోడ్ వచ్చింది. వారు మళ్ళీ పోటీ చేస్తున్నారు గనుక, జనం డబ్బుతో అచ్చేసిన వారి బొమ్మ ఓటరు కంట పడకూడదు.

సంజీవరావు గారనే అధికారి పాత పేపర్లతో, బకెట్టెడు మైదా జిగురుతో జీపు దిగారు. మధ్యాహ్నానికల్లా బస్టాపు మీద, మంచినీళ్ళ ట్యాంకు మీద, పశువుల ఆస్పత్రి గోడ మీద గేదె పక్కన ఉన్న ఎమ్మెల్యే గార్లందరూ మాయమయ్యారు. గేదెను మాత్రం వదిలేశారు. అది ఏ పార్టీ తరఫునా నామినేషన్ వేయలేదు.

ఆఖరున పామర్రు రోడ్డు మీద చేపలమ్మే పెద్దింట్లమ్మ దగ్గరికొచ్చారు. ఆమెది సర్కారు వారిచ్చిన ఐస్ పెట్టె; దాని మీదా వారి బొమ్మే. ఎమ్మెల్యే గారి నవ్వు విశాలమైనది: పై పళ్ళు మూత మీద, కింది పెదవి పెట్టె మీద. సంజీవరావు గారు రెండింటికీ కలిపి పేపరు అంటించి, లక్కతో సీలు వేశారు.

"అయ్యో బాబుగారూ, లోపల ముప్పై కిలోల శీలావతులున్నాయండీ!" అంది పెద్దింట్లమ్మ.

"ఉండనివ్వమ్మా. వాటికి ఓటు లేదు."

"పోలింగ్ దాకా ఆగుతాయేంటండీ అవి? పోనీ, ఆ మూతి గీకేసుకుంటాను."

"ప్రభుత్వ ఆస్తి! గీకితే లోపలేస్తారు."

"చేపల్ని వేశారుగా, నన్నూ వేసెయ్యండి!"

సీలు తీయాలంటే బెజవాడ నుంచి అనుమతి రావాలి. మూడో రోజున వచ్చింది: అన్ని పార్టీల సమక్షంలో, వీడియో తీస్తూ తెరవవచ్చు. ప్రతిపక్ష అభ్యర్థి కిరీటి గారు స్వయంగా వచ్చి అడ్డుపడ్డారు. పేపరు చింపి మూత ఎత్తేలోపు ఆ నవ్వు పదకొండు సెకన్లు జనానికి కనబడుతుందట. తన నవ్వూ అంతసేపు చూపించాలట. సంజీవరావు గారు న్యాయం తెలిసిన మనిషి. కాగితాన్ని మళ్ళీ బెజవాడ పంపారు.

అప్పటికి పెట్టె తన ప్రచారం తానే మొదలుపెట్టింది. నాలుగు ఊళ్ళ ఈగలు ఊరేగింపుగా వచ్చాయి. బస్సు మా సెంటర్లో ఆగడం మానేసింది.

కిరీటి గారు ముక్కుకు కండువా కట్టుకుని మైకు అందుకున్నారు. "అక్కచెల్లెమ్మలారా! మన ప్రభుత్వం వచ్చిన మర్నాడే పెద్దింట్లమ్మ గారికి కొత్త పెట్టె! దాని మీద నా బొమ్మ ఎలా వేయమంటారు? దణ్ణం పెడుతున్నట్టా, నవ్వుతున్నట్టా?"

"ముందు నా చేపల సంగతి చూడండి బాబూ!" అంటోంది పెద్దింట్లమ్మ. ఎవరికి వినబడుతుంది? ఊరు రెండుగా చీలిపోయి, చేతులెత్తే పద్ధతిన ఓటింగు పెట్టుకుంది.

నేను నవ్వుకే చెయ్యెత్తాను. ఒక చెయ్యే ఖాళీగా ఉంది. రెండో చేత్తో ముక్కు మూసుకున్నాను.